మా నోట మీ పండగ

డిసెంబర్ సగం దాటేసరికి మా ఇళ్ళలో ఒక పంచాయితీ మొదలవుతుంది. ఇరవై అయిదున క్రిస్మస్. ఒకటో తారీఖున కొత్త సంవత్సరం. పద్నాలుగో పదిహేనో సంక్రాంతి. మూడు వారాల్లో మూడు పండగలు. మూడూ మావి కావు. కానీ మూడింటికీ మేం ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? ఎవరితో అనాలి? అంటే ఏమవుతుంది? అనకపోతే ఏమవుతుంది?

మిగతావాళ్ళకి ఇది పెదవి చివరి మాట. అనేసి మర్చిపోతారు. మా విషయంలో అలా కాదు. మేం అన్నా గుర్తుంచుకుంటారు, అనకపోయినా గుర్తుంచుకుంటారు. అంటే ‘చూశారా, ముస్లిమైనా ఎంత కలుపుగోలు మనిషో’ అంటారు. అనకపోతే ‘వీళ్ళింతే, కలవరు’ అంటారు. ఆ ‘అయినా’ దగ్గరే మాకు గుచ్చుకుంటుంది. ముస్లిం అయితే కలుపుగోలుగా ఉండడనేది ముందే రాసి పెట్టుకున్న తీర్పు. మా నోటి మాట ఆ తీర్పు మీద అప్పీలు మాత్రమే. ప్రతి శీతాకాలం ఆ అప్పీలు మళ్ళీ వేసుకోవాలి.

అటు మసీదు అరుగు మీద ఇంకో తీర్పు ఉంటుంది. ‘కాఫిర్ల పండక్కి ముబారక్ చెప్తే ఈమాన్ ఏమవుతుంది?’ అని అడిగే పెద్దమనిషి అక్కడ కూర్చుని ఉంటాడు. ఇటు ఆఫీసులో పరీక్ష, అటు మసీదులో పరీక్ష. రెండు పరీక్షలకీ ఒకే నోరు.

మా వాళ్ళలో ఈ చర్చ ఎలా నడుస్తుందో బయటివాళ్ళకి తెలీదు. ముస్లింలందరూ ఒకే మాట మీద ఉంటారని, ఎక్కడో ఒక ఫత్వా పుడితే అందరం తలూపుతామని అనుకుంటారు. నిజానికి ఈ పలకరింపు గొడవ మాలో వందల ఏళ్ళ నాటిది. పద్నాలుగో శతాబ్దపు ఇబ్న్ తైమియా ఇతర మతాల పండగల్లో పాలుపంచుకోవద్దని గట్టిగా చెప్పాడు. ఆయన శిష్యుడు ఇబ్న్ ఖయ్యిం శుభాకాంక్ష చెప్పడం కూడా కూడదన్నాడు. పండగ వెనక ఒక నమ్మకం ఉంటుంది, పండగకి శుభం పలికితే ఆ నమ్మకానికి సరే అన్నట్టే అని ఆ వైపు వాదన. మన కాలంలో యూసుఫ్ అల్ ఖర్దావీ లాంటి ఆలిం దీన్ని ఒప్పుకోలేదు. మనతో మంచిగా ఉండే పొరుగువాడికి అతని పండగనాడు మంచి మాట చెప్పడం మర్యాదే గానీ మతం మార్చుకోవడం కాదన్నాడు. కైరోలోని అల్ అజ్‌హర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్ కాప్టిక్ క్రైస్తవుల పోప్ దగ్గరికి స్వయంగా వెళ్ళి క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి వచ్చాడు. వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న. చలికాలమే.

ఇండోనేసియాలో 1981లో అక్కడి ఉలేమా మండలి, ముస్లింలు క్రిస్మస్ వేడుకల్లో పాల్గొనకూడదని ఫత్వా ఇచ్చింది. ప్రభుత్వానికి అది నచ్చలేదు. మండలి పెద్దగా ఉన్న హమ్కా పదవి వదిలేశాడు గానీ మాట వదల్లేదు. ఆయన మామూలు మౌల్వీ కాదు, పేరున్న నవలాకారుడు. ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, వద్దన్నవాడు మూర్ఖుడూ కాదు, సరేనన్నవాడు ఈమాన్ అమ్ముకున్నవాడూ కాదు. ఇద్దరికీ కితాబులున్నాయి. మధ్యలో బతికే మనుషులం మేం ఉన్నాం.

మా ఇంట్లో ఈ గొడవ ఒక కార్డు ముక్క దగ్గర మొదలైంది. మా చిన్నది మిషనరీ బడిలో చదివేది. ఊళ్ళో మంచి బడి అదే. డిసెంబర్‌లో పిల్లలందరి చేతా కార్డులు చేయించారు. ఎర్ర కాగితం మీద దూది అంటించి, నక్షత్రం వేసి, తెలుగులో ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని రాసింది. పక్క వీధిలో ఉండే తన దోస్తు ఇంటికి తీసుకుపోతానంది. అప్పుడే నలభై రోజుల జమాత్ నుంచి వచ్చిన మా బడే భాయ్ ఆ కార్డు చూసి ‘ఇది మనకొద్దు బేటా’ అన్నాడు. కోప్పడలేదు. మెల్లగానే అన్నాడు. ఆ పిల్ల మొహం ముడుచుకుంది.

మా దాదీమా తస్‌బీ పక్కన పెట్టి అడిగింది: ‘ఎవర్రా పుట్టింది ఆ రోజు?’

‘ఈసా అలైహిస్సలాం పుట్టాడని వాళ్ళంటారు దాదీమా.’

‘అలైహిస్సలాం అని నువ్వే అన్నావుగా. సలాం నీ నోట్లోనే ఉందిగా. మరి పిల్ల నోట్లో ఉంటే తప్పేంది?’

బడే భాయ్ ఊరుకోలేదు. ‘మనం పైగంబర్ అంటాం. వాళ్ళు అల్లా కొడుకంటారు. తేడా లేదా?’ అన్నాడు. తేడా ఉంది. దాదీమాకీ తెలుసు. ఆమె చదువు ఖురాన్ షరీఫ్ వరకే. కానీ ఖురాన్‌లో పందొమ్మిదో సూరా పేరే మరియం అని ఆమెకి తెలుసు. తాను పుట్టిన రోజున తన మీద శాంతి ఉందని పసిబిడ్డ ఈసా పలికిన సంగతి ఆ సూరాలోనే ఉందని తెలుసు. ‘తేడా అల్లా తేలుస్తాడు. కార్డు పిల్ల తేలుస్తది. పోనీరా’ అంది. కార్డు వెళ్ళింది. బడే భాయ్ మనసు మారలేదు. మారాలని మేం అడగనూ లేదు. ఒకే కప్పు కింద రెండు అభిప్రాయాలు ఉండొచ్చని ఆ పూట మా ఇంట్లో తేలింది.

సంక్రాంతి దగ్గర చిక్కు ఇంకో రకం. క్రిస్మస్‌కి పైగంబర్ ఉన్నాడు, కితాబు ఉంది. సంక్రాంతికి సూర్యుడున్నాడు, పంట ఉంది, పశువులున్నాయి. గొబ్బెమ్మకి పూజ ఉంది, భోగి మంటకి నమ్మకం ఉంది. అది మతమా, సాగుబడా? ‘పంటల పండగండీ, అందరిదీ’ అని మా హిందూ మిత్రులు అంటారు. వాళ్ళు మనసులో మంచి ఉంచుకునే అంటారు. కానీ అందరిదీ అని చెప్పే హక్కు ఎప్పుడూ ఒకరి దగ్గరే ఎందుకుంటుంది? మా రంజాన్ అందరిదీ అని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? హలీం మాత్రం అందరిదీ అయింది.

సంక్రాంతికి మేం ఏమనాలని అడిగే ముందు సంక్రాంతికి మేం ఏం చేశామో చూడండి. చలి మొదలవగానే ఊరూరా తిరిగి పరుపులూ బొంతలూ ఏకింది దూదేకుల సాయిబులు. పండగ ముందు ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టింది కళాయి సాయిబు. కొత్త కోడళ్ళ చేతులకి గాజులు తొడిగింది గాజుల సాయిబు. కొత్త బట్టలు కుట్టడానికి రాత్రింబవళ్ళు మిషను తొక్కిన దర్జీల్లో మావాళ్ళెంతమంది! కనుమ నాడు మేక మెడ మీద కత్తి పెట్టడానికి చాలా ఊళ్ళలో సాయిబునే పిలిచారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఊరి పనివాళ్ళతో పాటు మసీదు ముల్లా, ఫకీరూ తమ వంతు కోసం నిలబడ్డారు. సంక్రాంతి మా పండగ కాదు. కానీ మా చేతులు లేని సంక్రాంతి ఎన్ని ఊళ్ళలో జరిగింది? ఇన్ని చేసినవాళ్ళని నిలబెట్టి ‘ఒక మాట అనవేం?’ అని అడగడం మాకు వింతగా ఉంటుంది.

ఇంకో సంగతి. ‘శుభాకాంక్షలు’ అనే మాట మా తాతల నోట మేం వినలేదు. మా తాతలే కాదు, మీ తాతల నోటా విని ఉండరు. అది కార్డులతోటీ పత్రికలతోటీ ఊళ్ళోకి వచ్చిన మాట. ఊళ్ళో పలకరింపు వేరు. ‘పండక్కి పిల్లలొచ్చారా?’, ‘అల్లుడొచ్చాడా?’, ‘పిండివంటలయినయ్యా బూబమ్మా?’ ఇలా ఉండేది. పలకరింపు ఒక ప్రశ్న. ఎదుటివాడి ఇంట్లో ఏం జరుగుతుందో కనుక్కునే ప్రశ్న. దానికి ఏ ముల్లా అడ్డు చెప్పలేదు, ఏ పూజారీ అడ్డు చెప్పలేదు. ఆ ప్రశ్న పోయి శుభాకాంక్షలు వచ్చాక ఎవరు ఎవరికి చెప్పారన్న లెక్క వచ్చింది.

పలకరింపు పళ్ళెంలో కూడా ఉండేది. సంక్రాంతికి పక్కింటి నుంచి అరిసెలు, జంతికలు వచ్చేవి. అమ్మీ ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపేది కాదు. కాసిని పంచదార పోసైనా పంపేది. కానీ రంజాన్ నాడు చూడండి. మా ఇంటి షీర్ ఖుర్మా అన్ని ఇళ్ళకీ వెళ్ళేది కాదు. కొన్ని ఇళ్ళకి వండనివి పంపాలి. సేమ్యాలు విడిగా, పంచదార విడిగా, జీడిపప్పు విడిగా పొట్లాలు కట్టి పంపాలి. వాళ్ళు వాళ్ళ పొయ్యి మీద, వాళ్ళ గిన్నెలో వండుకుంటారు. మా చెయ్యి తగిలిన ముద్ద వాళ్ళ నోటికి పోదు. ‘రంజాన్ శుభాకాంక్షలు సాయిబు గారూ’ అని వాకిట్లో నుంచే అనేవాళ్ళు. చాలా ప్రేమగా అనేవాళ్ళు. ఆ ప్రేమ అబద్ధమని మేం అనం. కానీ గడప దాటని ప్రేమ అది. మా శుభాకాంక్ష వాళ్ళకి కావాలి, మా వంట వాళ్ళకి అంటు. ఆ పొట్లాలు కట్టేటప్పుడు అమ్మీ ఏమీ మాట్లాడేది కాదు. మాలపల్లి నుంచి వచ్చే క్రైస్తవుల ఇంటికి మాత్రం గిన్నెతో పంపేది. వాళ్ళు ఆ గిన్నెలో క్రిస్మస్‌కి కేకు ముక్కలు పెట్టి తిరిగి ఇచ్చేవాళ్ళు. ఎవరికి ఏమనాలి అన్న మా పంచాయితీలో కితాబులు చెప్పని ఒక సాక్ష్యం ఈ గిన్నె.

మా పండగలకి రుతువు లేదు. ఇది సెక్యులర్ మిత్రులు కూడా చాలామంది పట్టించుకోని సంగతి. హిజ్రీ సంవత్సరం చంద్రుడిది, 354 రోజులు. ఎండ కాలెండర్ కంటే పదకొండు రోజులు పొట్టి. అందుకని రంజాన్ ఏటేటా వెనక్కి జరుగుతూ ముప్పై మూడేళ్ళకి చక్కర్ కొట్టి వస్తుంది. ఒకప్పుడు రోహిణి ఎండల్లో నాలుక పిడచగట్టిన ఒక్కపొద్దు, ఇంకొకప్పుడు పుష్యమాసం చలిలో వస్తుంది. మా పేద ముసలి రైతు మజీద్ మెట్ల మీద కూర్చుని ఈసారి రంజాన్ కోతలకొచ్చిందనో, నాట్లకొచ్చిందనో లెక్క చెప్తాడు.

ఆ చక్కర్‌లో అప్పుడప్పుడూ చిత్రాలు జరుగుతాయి. 2000 సంవత్సరంలో ఈద్ రెండుసార్లు వచ్చింది. జనవరిలో సంక్రాంతికి ముందొకసారి, డిసెంబర్‌లో క్రిస్మస్ వెనకాల మరోసారి. 2014 జనవరిలో మిలాదున్నబీ సంక్రాంతి రోజుల మధ్యకి వచ్చి పడింది. 2015లో మిలాద్ డిసెంబర్ 24న వచ్చింది, తెల్లారితే క్రిస్మస్. ముహమ్మద్ పుట్టిన రోజూ ఈసా పుట్టిన రోజూ పక్కపక్కన. ఆకుపచ్చ తోరణాలూ కాగితం నక్షత్రాలూ ఒకే వీధిలో వేలాడాయి. ఆ రెండు రోజులూ ఎవరికి ఏం చెప్పాలన్న పంచాయితీ మా వీధిలో పెద్దగా లేదు. ఎవరి పండగ వాళ్ళకుంటే అడగడం, చెప్పడం సమానంగా ఉంటుంది. ఒకరి పండగే అయినప్పుడు, రెండోవాడు ఎప్పుడూ చెప్పేవాడుగానే మిగిలినప్పుడు వస్తుంది చిక్కు.

2009 డిసెంబర్ 28న మొహర్రం పదో రోజు వచ్చింది. క్రిస్మస్ అయి మూడు రోజులు, కొత్త సంవత్సరానికి ఇంకో నాలుగు రోజులు. అందరూ అందరికీ ‘హ్యాపీ’ చెప్పుకునే వారం. ఆ ఊపులో ఆఫీసులో ఒకాయన మాకు ‘హ్యాపీ మొహర్రం’ అన్నాడు. కర్బలాలో ఇమాం హుసేన్ దాహంతో చనిపోయిన రోజది. ఏమనాలి ఆయన్ని? నవ్వి ఊరుకున్నాం. తిరిగి చెప్పమంటే ఏం చెప్పాలి? నాయకుల బ్యానర్ల మీద కూడా ఈ మాట చూశాం.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. పల్లెటూళ్ళో పీర్ల పండగ నిజంగానే పండగ. పీరుని ఎత్తుకునేది చాలా చోట్ల మాదిగాయనో, బోయాయనో, ఇంకో కులపాయనో. గుండం చుట్టూ ఆడేది ఊరంతా. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప దగ్గరికి వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. ఆ ఊరి రైతు ‘పీర్ల పండగ బాగా జరిగిందా?’ అని అడిగితే మాకు ఎక్కడా నొప్పి లేదు. ఆయనకి హుసేన్ ఎవరో తెలుసు, ఏడవడమూ తెలుసు, ఆడటమూ తెలుసు. పట్నంలో ఆఫీసరుకి సెలవు ఒక్కటే తెలుసు. మాట ఒకటే. మాట వెనక తెలిసి ఉండటం, లేకపోవడం, అదే తేడా.

డిసెంబర్ అనగానే మాకు పండగలకంటే ముందు ఇంకో తారీఖు వస్తుంది. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ పాతబస్తీ కత్తిపోట్లతో, కర్ఫ్యూతో తడిసింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ ఏడు మా ఇంటికి కూడా కొత్త సంవత్సరం గ్రీటింగ్ కార్డులొచ్చాయి. పువ్వులు, పావురాలు, సూర్యోదయాలు. ‘హ్యాపీ న్యూ ఇయర్ 1993’. పంపినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఏటా పంపుతారు, ఆ ఏడూ పంపారు. అంతే. కానీ ఆ నెల్లో ఏం జరిగిందో ఆ కార్డులకి తెలీదు. ఒక్కదాని వెనకైనా ‘ఎలా ఉన్నారు?’ అని చేత్తో రాసిన ముక్క లేదు.

రాసిన ముక్క లేదు గానీ అడిగిన మనిషి ఉంది. వీధి చివర ఉండే రజకుల ఇంటి పెద్దమ్మ సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది. ‘బియ్యం ఉన్నయ్యా బూబమ్మా? పిల్లలకి పాలు దొరుకుతున్నయ్యా?’ అంది. మసీదు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. శాంతి, సామరస్యం అనే మాటలు ఆమెకి తెలీవు. కానీ ఆ శీతాకాలమంతటిలో మా ఇంటికి వచ్చిన పలకరింపు అదొక్కటే. ఆ తర్వాత సంక్రాంతికి ఆమె ఇంటికి వెళ్ళి ఏమనాలన్న చర్చ మా ఇంట్లో రాలేదు. బడే భాయ్ కూడా నోరెత్తలేదు.

2011లో డిసెంబర్ 6నే మొహర్రం పదో రోజు వచ్చింది. ఒకే రోజున రెండు దుఃఖాలు. ఆ రోజు మాకు ఎవరూ హ్యాపీ చెప్పకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నాం.

మా పలకరింపుకి తెలుగులో పట్టిన గతి కూడా చూడాలి. సలాం అంటే శాంతి. ఎదుటివాడి మీద శాంతి ఉండాలని కోరడం. తెలుగులో ‘సలాం కొట్టడం’ అంటే ఏమిటి? పెద్దవాడి ముందు వంగడం, కాకా పట్టడం. ‘వాడికి నేను సలాం కొట్టేదేంది?’ అంటారు. నవాబుల దర్బార్లలో వంగిన నడుములు ఆ జాతీయానికి కారణం కావచ్చు. దర్బార్లో మా దూదేకుల తాత లేడు, మా కళాయి సాయిబు లేడు. కానీ దర్బారు చేసిన పనికి మా రోజువారీ శాంతి వాక్యం వెక్కిరింత అయింది. బస్టాండులో ఇద్దరు ముస్లింలు అస్సలాము అలైకుం అనుకుంటే చుట్టూ ఉన్న కళ్ళు అటు తిరుగుతాయి. అక్కడ మావాళ్ళు చాలామంది గొంతు తగ్గించి అంటారు, లేదా ‘నమస్తే’ అనేసుకుంటారు. మీ పండగ మా నోట గట్టిగా వినిపించాలని అడిగేవాళ్ళకి, మా సలాం మా నోట్లోనే నలిగిపోవడం కనిపించిందా?

మాలోనూ అందరం ఒకటి కాదు. ‘ఈద్ ముబారక్’ అనడం సునాయాసంగా వచ్చే ఉర్దూ ఇళ్ళు ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాలు ఉన్నారు. వాళ్ళని ‘మీరు సగం ముస్లింలు’ అని ఉర్దూ అష్రాఫులు చిన్నచూపు చూస్తే, ‘మీరు మా వాళ్ళే, మధ్యలో మారారు’ అని ఇంకొకరు ఇంటి మీదికి వస్తారు. ఇబ్న్ తైమియా ఏమన్నాడో, ఖర్దావీ ఏమన్నాడో చర్చించే తీరిక వాళ్ళకి లేదు. పరుపు ఏకడానికి పిలిచిన ఇంట్లో ఏ పండగైతే ఆ పండగ మాట అంటారు. కూలీ అడగాలి కదా. వాళ్ళు అనేదాన్ని ఈమాన్‌తో కొలిచే అరుగు మీది పెద్దమనిషి, వాళ్ళింట్లో పొయ్యి వెలిగిందా అని ఎప్పుడడిగాడు?

సెక్యులర్ మిత్రులు ఒక సలహా ఇస్తారు. మతాల పేర్లన్నీ తీసేసి సెలవుల శుభాకాంక్షలు అనుకుందాం అంటారు. అమెరికాలో ‘హ్యాపీ హాలిడేస్’ అనే మాట ఉంది. అక్కడ దుకాణాల్లో ‘మెర్రీ క్రిస్మస్’ అనాలా ‘హ్యాపీ హాలిడేస్’ అనాలా అన్నది 2005 నాటికే పెద్ద రాజకీయ గొడవ అయింది. క్రిస్మస్ మీద యుద్ధం జరుగుతోందని టీవీల్లో అరిచారు. ఆ పేరు తీసెయ్యమని మైనారిటీలే పట్టుబట్టినట్టు మాట్లాడారు. అక్కడ ఉద్యోగాలు చేసే మా పిల్లలు తలలు పట్టుకున్నారు. మాకు మెర్రీ క్రిస్మస్‌తో ఏ గొడవా లేదు, మమ్మల్నెందుకు మధ్యలోకి లాగుతారు అన్నారు.

ఆ దారి మాకొద్దు. పేర్లు తీసేస్తే గొడవ పోదు, పండగ పోతుంది. అదీగాక పేర్లు తీసేసిన చోట మిగిలేది పెద్దవాడి పండగే. సంక్రాంతి పేరు తీసేసినా పాఠశాలకి సెలవు సంక్రాంతికే ఇస్తారు. మొహర్రం పేరు తీసేస్తే మొహర్రం ఉండదు. క్రిస్మస్‌ని క్రిస్మస్ అనండి. సంక్రాంతిని సంక్రాంతి అనండి. రంజాన్‌ని రంజాన్ అనండి. పేరు పెట్టి పిలవడమే మొదటి మర్యాద.

జనవరి ఒకటి ఒక్కటే మాకు కాస్త ఊపిరాడే రోజు. అది మా హిజ్రీ సంవత్సరాది కాదు, మీ ఉగాదీ కాదు. ఎవరిదీ కానిది కాబట్టి అందరూ అందరికీ చెప్పుకుంటారు, ఎవరూ ఎవరినీ పరీక్షించరు. మంచిదే. కానీ ఎవరిదీ కాని రోజున మాత్రమే సమానంగా ఉండగలిగితే అదేం సమానత్వం?

ఎన్నో శీతాకాలాల పంచాయితీ తర్వాత మా ఇంట్లో కొన్ని మాటలు కుదిరాయి. ఇవి ఫత్వాలు కావు. ఎవరి మీదా రుద్దం.

ఎవరైనా మంచి మాటతో పలకరిస్తే అంతకంటే మంచిగా, కనీసం అంతే మంచిగా బదులివ్వాలని ఖురాన్ నాలుగో సూరా చెప్తుంది. అందుకని బదులు పలకడంలో లోటు చెయ్యం. పొరుగువాడి పండగకి మేమే ముందు పలకరిస్తాం. అది అతనికోసం, అతని పిల్లలకోసం. మేం పూజలో కూర్చోం, అతన్ని నమాజుకి పిలవం. ‘మీ పండగ బాగా జరగాలి’ అంటాం. ఆ ‘మీ’ అనే మాటలో దూరం లేదు, గౌరవం ఉంది. అది మీది అని ఒప్పుకోవడం, మాది వేరే ఉందని గుర్తుచేయడం. బడే భాయ్ ఆ మాట కూడా అనడు. ‘అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి’ అంటాడు. అరవై ఏళ్ళ మనిషి మనసారా అనే ఆ దీవెనని శుభాకాంక్షల ఖాతాలో రాయకపోతే తప్పు వినేవాడిదే.

కానీ పరీక్ష పెడితే పలకం. ‘ఏం, సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పవా?’ అని నలుగురి ముందు నిలబెట్టి అడిగితే నోరు విప్పం. ఇష్టంతో అన్నది పలకరింపు. భయంతో అన్నది హాజరు. మా హాజరు పట్టీ ఎవరి చేతిలోనూ లేదు. ఈ దేశంలో మేం ఉన్నామని చెప్పడానికి ఏ పండగ మాటా అవసరం లేదు.

తిరిగి మేం అడిగేది ఒక్కటే. మాకు శుభాకాంక్షలు చెప్పమని కాదు. మా రోజు ఏమిటో తెలుసుకోండి. ఏది సంతోషమో, ఏది మాతమో తెలుసుకోండి. తెలిశాక ఏమీ అనకపోయినా ఫరవాలేదు. ‘బియ్యం ఉన్నయ్యా?’ అని అడిగినా చాలు.

లెక్క ప్రకారం 2030లో మళ్ళీ ఒక చిత్రం జరగబోతోంది. రంజాన్ నెల ఆ ఏడు జనవరి మొదటి వారంలో మొదలవుతుంది. మళ్ళీ డిసెంబర్ చివర, క్రిస్మస్ వెళ్ళీ వెళ్ళకముందే ఇంకో రంజాన్ నెల మొదలవుతుంది. నెలవంక కనిపించడాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ. అంటే ఆ జనవరిలో భోగి, సంక్రాంతి, కనుమ మూడూ మా ఒక్కపొద్దుల్లోనే వస్తాయి. పక్కింటి పిన్నిగారు పొద్దున్నే అరిసెల పళ్ళెం తెచ్చి, ‘అయ్యో, ఒక్కపొద్దు కదూ’ అని గుమ్మంలో నాలుక కరుచుకుంటుంది. ఫరవాలేదు, లోపలికి రండి, ఇలా ఇవ్వండి అంటాం. మూత పెట్టి ఉంచుతాం. పొద్దు గుంకి అజా వినిపించాక ముందు ఖర్జూరం, తర్వాత ఆ అరిసె. ఆ పూట మా ఇంట్లో వండిన గంజి గిన్నె ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఆమె పొయ్యి పక్కన నిలబడి ఆమె నోటికి చేరుతుందా లేదా, అదే చూడాలి మేం. ఎవరు ఎవరికి ఏమన్నారన్నది ఆ తర్వాతి మాట.